జలాంతర్గామి కన్నా లోతుకు దిగే తిమింగలం ఊపిరిని ఎక్కడ దాచుకుంటుంది?

మీరు అడిగింది ఇది: "పోయిన ఆదివారం ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూపించాను. బయటికి రాగానే, దీనికన్నా లోతుకు వెళ్ళే జంతువు ఉందా అని అడిగింది. ఒక తిమింగలం మూడు గంటలకు పైగా ఊపిరి బిగపట్టి మూడు కిలోమీటర్లు దిగుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? అంతసేపు ఊపిరి ఎలా బిగపడుతుంది? మన సముద్రంలో ఉంటుందా?"

నిజమే. అయితే మీరు చదివిన ఆ వాక్యంలో రెండు వేర్వేరు మునకలు ఒకటైపోయాయి. "ఊపిరి బిగపట్టడం" అన్న మాట కూడా ఈ జంతువుకు నప్పదు. ఆ ముడి విప్పితే తప్ప మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకదు. సముద్ర జీవుల మీద ముప్పై ఏళ్ళకు పైగా ఈ తీరంలోనే పనిచేసి పదవీ విరమణ చేశాను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జంతువుల పక్కన కొలతల టేపు పట్టుకుని కూర్చున్న ఉదయాలు నాకు చాలానే ఉన్నాయి. ఇష్టమైన విషయం కనుక తీరికగా రాస్తున్నాను.

శాస్త్రంలో దాని పేరు జిఫియస్ కావిరోస్ట్రిస్. మామూలుగా క్యూవియే ముక్కు తిమింగలం అంటారు, ముక్కు తిమింగలాలు అనే కుటుంబంలో ఇదొక జాతి. పక్కనుంచి చూస్తే తల బాతు ముక్కులా కనిపిస్తుంది కాబట్టి బాతుముక్కు తిమింగలం అన్న పేరు కూడా ఉంది. పిల్లలకు ఈ రెండో పేరే గుర్తుంటుంది, నేనూ అదే వాడతాను. పొడవు ఏడు మీటర్ల వరకు, బరువు రెండు మూడు టన్నులు. నీలి తిమింగలం పిల్ల పుట్టిన రోజున ఎంత ఉంటుందో, ఇది పూర్తిగా ఎదిగాక సుమారు అంత ఉంటుంది. లోతు రికార్డు ఇంత చిన్న జంతువుది కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

దీన్ని మొదట వర్ణించినవాడు ఇది బతికి లేదనుకున్నాడు. 1804లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఫోస్-సుర్-మెర్ దగ్గర ఒక పుర్రె ముక్క దొరికింది. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ క్యూవియే 1823లో దానికి పేరు పెడుతూ, ఎప్పుడో అంతరించిన జంతువు శిలాజమని భావించాడు. ముక్కు రంధ్రాల ముందు ఎముకలో ఒక గుంట ఉంది, అందుకే కావిరోస్ట్రిస్, అంటే గుంట ముక్కుది. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాజా కళేబరాలను పోల్చి చూస్తే గానీ అది సముద్రంలో హాయిగా తిరుగుతున్న జంతువని తేలలేదు. ధ్రువాల దగ్గరి నీళ్ళు తప్ప ప్రపంచంలోని లోతైన సముద్రాలన్నిటిలో ఉన్న జంతువు అది. అయినా చచ్చిపోయిందనుకున్నారు. ఎందుకంటే అది పైన ఉండదు.

ఇప్పుడు ఆ రెండు మునకల సంగతి. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో ఎనిమిది తిమింగలాలకు ఉపగ్రహంతో మాట్లాడే చిన్న పరికరాలు అమర్చి చేసిన పరిశీలన 2014లో వెలువడింది. అందులో ఒక మునక లోతు 2,992 మీటర్లు. అదే పరిశీలనలో అన్నిటికన్నా పొడవైన మునక 137 నిమిషాల పైచిలుకు. మీరు చదివిన మూడు గంటల మునక వేరు. అమెరికా తూర్పు తీరంలో కేప్ హాటరస్ దగ్గర 2017లో నమోదైంది, 2020లో ప్రచురించారు. మొత్తం 222 నిమిషాలు, అంటే మూడు గంటల నలభై రెండు నిమిషాలు. ఆ జంతువుకు కొన్ని వారాల ముందు నౌకాదళ సోనార్ (శబ్దం పంపి నీటి అడుగున ఉన్నవాటిని పసిగట్టే పరికరం) శబ్దం తగిలిందని పరిశోధకులే రాశారు కాబట్టి, ఆ ఒక్క అంకెను పట్టుకుని ఇది రోజూ చేసే పని అనుకోకూడదు. నన్నడిగితే రికార్డుల కన్నా మామూలు మునకే గొప్పది. ఈ హాటరస్ పరిశీలనలోనే 23 తిమింగలాల మునకలు 3,680 లెక్కపెట్టారు. వేట మునక సగటున ఒక గంట. నూటికి తొంభై ఐదు మునకలు 78 నిమిషాల లోపే ముగిశాయి. పైకి వచ్చాక చాలాసార్లు రెండు నిమిషాలకు కాస్త అటూఇటూ మాత్రమే ఉండి మళ్ళీ దిగిపోతుంది. గంట కింద, రెండు నిమిషాలు పైన. ఇలా పగలూ రాత్రీ, జీవితమంతా.

కాబట్టి ఇది పైన బతుకుతూ అప్పుడప్పుడు లోతుకు వెళ్ళివచ్చే జంతువు కాదు. దాని ఇల్లు కిందే ఉంది. గాలి కోసం చుట్టపు చూపుగా పైకి వస్తుంది.

లోతు ఎంతో మీ అమ్మాయికి ఇలా చెప్పండి. ఆమె చూసిన కురుసుర తరగతి జలాంతర్గాముల హద్దు సుమారు 300 మీటర్లు. ఈ తిమింగలం దానికి పదింతలు దిగింది. అరకు వైపు కొండలు చూసే ఉంటుంది. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లకు కాస్త తక్కువే. దాన్ని పెకలించి తెచ్చి ఆ చోట ముంచితే శిఖరం మీద ఇంకా 1,300 మీటర్ల నీళ్ళు నిలుస్తాయి. ఆ లోతులో బొటనవేలి గోరంత చోటు మీద సుమారు మూడు వందల కిలోల బరువు పడుతుంది. నాలుగు బియ్యం బస్తాలు ఒక గోరు మీద పేర్చినట్టు.

ఇదే సంగతి ఒకసారి జాలరిపేటలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకు చెప్పాను. మీటర్లంటే ఆయనకు పట్టదు, బారల్లో చెప్పమన్నారు. పదహారు వందల బారల పైమాటే అన్నాను. ఆయన చేతిలోని సూది ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, వలకు కట్టిన బెండు ఒకటి నా ముందుకు నెట్టి, "బాబూ, ఛాతీ నిండా గాలి పట్టుకుంటే ఇలా తేలాలి కదా, అంత కిందికి ఎలా పోతుంది?" అన్నారు. మీ ప్రశ్నకు అసలైన తాళంచెవి అది. అంత సూటిగా ఆ ప్రశ్న వేసిన విద్యార్థి నాకు తక్కువ తగిలాడు.

మనం చెరువులో మునిగేటప్పుడు గుండెల నిండా గాలి పీలుస్తాం. మన ప్రాణవాయువులో పెద్ద వాటా ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది కాబట్టి, అది అయిపోతే తన్నుకుని పైకి వస్తాం. బాతుముక్కు తిమింగలం లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాని ఊపిరితిత్తులు ఒంటితో పోలిస్తే చిన్నవి. అక్కడ అది దాచుకునేది చాలా తక్కువ. ప్రాణవాయువును రక్తంలోనూ, కండల్లోనూ నింపుకుంటుంది. కండల్లో దాన్ని పట్టి ఉంచే పదార్థం మయోగ్లోబిన్. ఇది మీ అమ్మాయికి వంటింట్లోనే చూపించవచ్చు. చందువ ముక్క తెల్లగా ఉంటుంది, సూర ముక్క ఎర్రగా ఉంటుంది. సూర ఆగకుండా ఈదే చేప, దాని కండలో మయోగ్లోబిన్ ఎక్కువ. లోతుకు మునిగే తిమింగలాల కండ ఆ ఎరుపు కూడా దాటి దాదాపు నల్లగా ఉంటుంది. అంటే ఇది ఊపిరి బిగపట్టదు. ఊపిరిని ఒళ్ళంతా సర్దుకుని వెళుతుంది. గాదెలో కాకుండా ప్రతి గదిలోనూ ఒక మూట ధాన్యం పెట్టుకున్నట్టు, కండకు కావలసింది కండలోనే ఉంటుంది.

దిగడం మొదలయ్యాక గుండె నెమ్మదిస్తుంది. రక్తం ముందుగా మెదడుకు, గుండెకు అందుతుంది, మిగతా అవయవాలు ఓపిక పడతాయి. పైనుంచి తోక ఊపుతూ దిగి, కాస్త లోతుకు పోయాక బరువుతో జారుతుంది. ఈదే రెక్కలు చిన్నవి, వాటిని ఒంటికి చేర్చి పెట్టుకోవడానికి పక్కల్లో లోతు లేని రెండు గుంటలు ఉంటాయి. జేబుల్లో చేతులు పెట్టుకున్నట్టు రెక్కలు అందులో ఒదిగిపోతాయి. దాని తీరు మొత్తం పొదుపే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాని ఒంట్లో పట్టే ప్రాణవాయువును లెక్కగడితే సుమారు 33 నిమిషాలకు సరిపోవాలి. అది గంట ఉంటోంది. అంటే ఒంటి ఖర్చు మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువై ఉండాలి, ప్రాణవాయువు లేకుండా కండ పనిచేసినప్పుడు పేరుకునే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి కూడా ఉండాలి. వింత ఏమిటంటే, కష్టమైన మునక తర్వాత మనలాగా రొప్పుతూ ఎక్కువసేపు పైన కూర్చోదు. మునక పొడవుకూ, తర్వాత పైన గడిపిన సమయానికీ పొంతన కనబడలేదని ఆ హాటరస్ పరిశీలనే చెబుతోంది.

మరి ఒత్తిడి సంగతి? నా బల్ల మీద ఒక థర్మోకోల్ కప్పు ఉంది. సముద్ర పరిశోధన నౌకల్లో పనిచేసేవాళ్ళకు ఇది పాత సరదా. పరికరాలను తీగ మీద లోతుకు దించేటప్పుడు ఒక చిన్న వల సంచిలో థర్మోకోల్ కప్పులు వేసి కడతారు. నేను మామూలు టీ కప్పు మీద పెన్నుతో ఒక చేప బొమ్మ, మా పాప పేరు రాసి కట్టాను. రెండు వేల మీటర్లు వెళ్ళి వచ్చింది. సంచి విప్పి చూస్తే కప్పు నా బొటనవేలంత అయింది. పగుళ్ళు లేవు, వంకరలు లేవు, బొమ్మా అక్షరాలూ అలాగే ఉన్నాయి, కాకపోతే చీమ తలకాయలంత. కప్పు గట్టిపడి గులకరాయిలా చేతికి తగులుతుంది. థర్మోకోల్‌లో ఉండేది ఎక్కువగా గాలే. ఆ గాలి చోటు నొక్కుకుపోయింది. అదే సంచిలో నీళ్ళు నిండుగా పోసి మూత పెట్టిన సీసా కట్టి ఉంటే అది దాదాపు అలాగే తిరిగి వచ్చేది. ఒత్తిడి నలిపేది గాలి ఉన్నచోటునే. కండ, రక్తం, కొవ్వు నీళ్ళలాంటివి, అవి నలగవు.

తిమింగలం ఒంట్లో గాలి ఉండే ముఖ్యమైన చోటు ఊపిరితిత్తులు. దాని పక్కటెముకల్లో చాలావాటికి ఛాతీ ఎముకతో గట్టి బంధం ఉండదు, గొడుగు ఊచల్లా లోపలికి ముడుచుకోగలవు. లోతుకు పోయేకొద్దీ ఊపిరితిత్తులు ఆ కప్పులాగే ముడుచుకుపోతాయి. దాన్ని ఆపాలని ఒళ్ళు ప్రయత్నించదు, ముడుచుకోనిస్తుంది. పెద్దాయన అడిగిన బెండు ప్రశ్నకు జవాబు అదే. బెండు నలిగిపోయాక ఇక తేలదు. అందులో ఇంకో లాభం ఉంది. ముడుచుకున్న ఊపిరితిత్తుల్లోంచి నత్రజని రక్తంలోకి ఎక్కడం ఆగిపోతుంది. గాలి సిలిండర్లతో లోతుకు దిగి గబగబా పైకి వచ్చిన మనిషి రక్తంలో బుడగలు పుడతాయి, గోలీ సోడా కొట్టగానే బుస్సుమన్నట్టు. ఆ జబ్బు చంపేస్తుంది కూడా. తిమింగలం దాని నుంచి తప్పించుకునేది ఒంటి కట్టుతోనూ, దిగి ఎక్కే పద్ధతితోనూ. ఈ "పద్ధతి" అన్న మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

అంత కింద ఏం చేస్తుంది? వేట. అక్కడ వెలుగు లేదు. శబ్దం పంపి, ప్రతిధ్వని విని ఆహారాన్ని వెతుకుతుంది. సెకనుకు రెండు మూడు చొప్పున చిటుకు చిటుకుమనే శబ్దాలు. వాటి స్థాయి సుమారు నలభై కిలోహెర్ట్జ్, మన చెవి ఇరవై దాటితే వినలేదు. ఆహారం దగ్గరైతే ఆ చిటుకులు జోరీగ రొదలా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అప్పుడు మింగుతుంది. ఒక్కో మునకలో ఇలా సుమారు ముప్పై సార్లు ప్రయత్నిస్తుంది.

మింగుతుంది అనే అన్నాను, కొరుకుతుంది అనలేదు. తిమి అనే చేపను గిలించేది, అంటే మింగేది, తిమింగిలం. మన మాటలోనే ఆ అర్థం ఉంది. ఈ జంతువుకు అది అక్షరాలా వర్తిస్తుంది. ఆడవాటికి పళ్ళు చిగురు దాటి బయటికి రావు. మగవాటికి కింది దవడ కొసన రెండే పళ్ళు, అవీ తినడానికి కావు, తోటి మగవాటితో పోట్లాటకు. ముసలి మగ తిమింగలం తల పాలిపోయి తెల్లబడి ఉంటుంది, ఒళ్ళంతా పొడవాటి తెల్లని గీతలు ఉంటాయి. ఒక్కోదాని గీతల తీరు ఒక్కో రకం కాబట్టి వాటిని చూసే ఇది ఫలానాది అని ఫొటోల్లో గుర్తుపడతారు. తినే పద్ధతి వేరు. గొంతు కింద వి ఆకారంలో రెండు మడతలున్నాయి. నాలుకను వెనక్కి లాగితే గొంతు సంచిలా విచ్చుకుని, ఎదుట ఉన్న స్క్విడ్ అనే మెత్తని సముద్ర జీవి నీళ్ళతో సహా లోపలికి జారిపోతుంది. సొరకాయ బుర్రతో నీళ్ళు ముంచినట్టు.

స్క్విడ్ ఒళ్ళు మెత్తన, కడుపులో త్వరగా కరిగిపోతుంది. కరగనిది దాని ముక్కు. ఒకసారి ఈ తీరానికి కొట్టుకొచ్చిన డాల్ఫిన్ కడుపు కోసినప్పుడు గుప్పెడు దొరికాయి. బెల్లం పాకం రంగులో, అంచుల దగ్గర నల్లగా, అచ్చం చిలక ముక్కులు. కడిగి అరచేతిలో పోసుకుంటే గలగలమన్నాయి. అంచు మీద వేలు పెట్టి చూశాను, తెగింది. ముక్కు తిమింగలాలు ఏం తింటాయో లోకానికి మొదట చెప్పింది ఇలా కడుపుల్లో మిగిలిన ముక్కులే. ఏ జాతి స్క్విడ్ ఎంత పెద్దదో ముక్కు వంపును కొలిచి చెప్పవచ్చు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది దాని మౌనం. ఈ తిమింగలం పైన నోరు విప్పదు. సుమారు 450 మీటర్ల లోతు దాటాకే చిటుకులు మొదలుపెడుతుంది, పైకి వచ్చేటప్పుడు మళ్ళీ మౌనం. కారణం ఓర్కాలని, అంటే కిల్లర్ వేల్స్ అని పరిశోధకుల అంచనా. అవి గుంపుగా వేటాడతాయి, చెవి చురుకు, తిమింగలం గొంతు వింటే వచ్చి పడతాయి. ఆస్ట్రేలియా నైరుతి తీరంలో బ్రెమర్ బే దగ్గర ఓర్కాలు ముక్కు తిమింగలాలను చంపడం కళ్ళారా చూసి నమోదు చేశారు. కానీ ఓర్కా మామూలుగా అంత లోతుకు రాదు. కాబట్టి బాతుముక్కు తిమింగలాలు శత్రువు మామూలుగా రాని లోతులోనే మాట్లాడతాయి. గుంపులోనివన్నీ కలిసి దిగి, కింద వేటకు విడిపోయి, మళ్ళీ కలుసుకుని ఒకేసారి మౌనంగా పైకి వస్తాయి. నిటారుగా రావు, ఏటవాలుగా నెమ్మదిగా వస్తాయి. చివరి చిటుకు విన్న చోట కాపు కాసిన ఓర్కాకు అవి అక్కడ కనబడవు, దూరంగా ఎక్కడో తేలతాయి. రెండు నిమిషాల గాలి కోసం ఇంత జాగ్రత్త.

ఇప్పుడు ఆ "పద్ధతి" దగ్గరికి వద్దాం. కలిసి దిగడం, మెల్లగా ఎక్కడం, మధ్యలో తక్కువ లోతు మునకలు, పైన మౌనం. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడిన ఏర్పాట్లు. ఈ జంతువును బెదరగొడితే ఆ వరస చెదిరిపోతుంది. 1996 మే నెలలో గ్రీస్‌లో కిపరిస్సియా గల్ఫ్ తీరం పొడవునా ఒక డజను బాతుముక్కు తిమింగలాలు ఒకటి రెండు రోజుల్లో ఒడ్డుకు వచ్చాయి. అప్పుడక్కడ సముద్రంలో నాటో సోనార్ పరీక్షలు జరుగుతున్నాయి. 2000 మార్చిలో బహామాస్‌లో పదిహేడు జంతువులు ఒడ్డెక్కాయి, ఎక్కువ భాగం ముక్కు తిమింగలాలే. తమ సోనారే కారణం కావచ్చని అమెరికా నౌకాదళం దర్యాప్తు తర్వాత ఒప్పుకుంది. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల్లో యుద్ధ విన్యాసాల వేళ పద్నాలుగు. ఈసారి కళేబరాలు తాజాగా ఉండగానే పరీక్షించారు. అవయవాల్లో వాయు బుడగలు, కొవ్వు ముద్దలు. గజ ఈతగాళ్ళకే గజ ఈతగాడు అనదగ్గ జంతువుకు, తొందరపడి పైకి వచ్చిన మనిషికి పట్టే జబ్బు లాంటిది పట్టింది. సోనార్ శబ్దం వాటికి ఓర్కా రాకలా తోచి, దిగి ఎక్కే వరస తప్పించి ఉంటుందన్నది బలమైన ఊహ. 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సోనార్‌ను నిషేధించింది. అప్పటి నుంచి అక్కడ అలాంటి సామూహిక మరణాలు జరగలేదు. అంటే మందు ఉంది, అది పనిచేసింది కూడా.

మనది తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం. మన ఊళ్ళో దాని నీడన బతికే కుటుంబాలు వేలు, వాళ్ళ పని దేశానికి ఎంత అవసరమో నాకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: శబ్దం చేసే చోటు ఎంచుకోవచ్చు. సముద్రగర్భం నిట్టనిలువుగా దిగే వాలుల మీద, లోయల మీద ఈ తిమింగలాలు మేత వెతుక్కుంటాయి. ఆ చోట్లను పటంలో గుర్తు పెట్టుకుని, అక్కడ విన్యాసాలు తగ్గించడం పెద్ద త్యాగం కాదు.

మన సముద్రంలో ఉంటుందా అన్నారు. బీచ్ రోడ్డు నుంచి కనబడే నీళ్ళలో ఉండదు. వెయ్యి మీటర్లకు మించిన లోతు దానికి ఇష్టం. అయితే విశాఖ ముందు ఖండపు అంచు సన్నం. ఉత్తరాన బెంగాల్ వైపు లోతు రావాలంటే చాలా దూరం పోవాలి, ఇక్కడ కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే నేల ఒక్కసారిగా జారిపోతుంది. బంగాళాఖాతం సగటు లోతే రెండున్నర వేల మీటర్లకు పైన. సూర గాలాలతో దూరం పోయే మన పడవలు ఆ వాలు మీదే తిరుగుతాయి. అలాంటి నీళ్ళు ముక్కు తిమింగలాలకు సొంతిల్లు. పొరుగున శ్రీలంకలో బాతుముక్కు తిమింగలం నమోదైంది. ఇంకో కథ కూడా అక్కడిదే. 1963 జనవరిలో కొలంబో పక్కన రత్మలానలో ఒక ఆడ ముక్కు తిమింగలం కొట్టుకొచ్చింది. శ్రీలంక శాస్త్రవేత్త దెరనియగల దాన్ని కొత్త జాతిగా గుర్తించి, సింహళంలో ముక్కు, మొన అన్న అర్థాలిచ్చే మాటలతో హొటౌల అని పేరు పెట్టారు. ఇతరులు దాన్ని వేరే జాతిలో కలిపేశారు. జన్యు పరీక్షల తర్వాత 2014లో ఆయన చెప్పిందే సరి అని తేలింది. యాభై ఏళ్ళ తర్వాత. ఆ ఎముకలు ఒకరు భద్రపరచబట్టి తేలింది.

మన ఒడ్డున అలా జరగాలంటే ముందు గుర్తుపట్టాలి. కొట్టుకొచ్చిన ప్రతిదీ "పెద్ద చేప" గానో "తిమింగలం" గానో ఒక్క ఫొటోతో ముగిసి, సాయంత్రానికల్లా ఇసుకలో పూడిపోతుంది. అది నాకు బాధ. మీరు భీమిలి వైపో, యారాడ వైపో నడుస్తున్నప్పుడు అలాంటిది కనిపిస్తే ముందు తోక చూడండి. డాల్ఫిన్ తోక నడుమ నొక్కు ఉంటుంది, ముక్కు తిమింగలాలకు సాధారణంగా ఉండదు. తర్వాత గొంతు కింద వి మడత. వీపు రెక్క చిన్నది, బాగా వెనక్కి ఉంటుంది. తల పక్కనుంచి, తోక పైనుంచి, గొంతు కిందనుంచి ఫొటోలు తీయండి, పక్కన ఒక చెప్పు పెడితే కొలత తెలుస్తుంది. ప్రాణంతో ఉంటే వెంటనే అటవీ శాఖకు చెప్పండి. మన దేశంలో ఇవి చట్టం రక్షించే జంతువులు. వాళ్ళు వచ్చేలోగా తడి గుడ్డలు కప్పండి, నడినెత్తి మీది ముక్కు రంధ్రం మీద మాత్రం గుడ్డ గానీ నీళ్ళు గానీ పడకూడదు, ఇసుక చేరకూడదు. తోక పట్టి లాగకండి. జనాన్ని దూరంగా ఉంచి, నిశ్శబ్దంగా ఉండమనండి. ఇది మౌనానికి అలవాటు పడిన జంతువు, చుట్టూ కేకలు పెడితే ఇంకా బెదిరిపోతుంది.

ప్లాస్టిక్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికీ ఆ చీకటి వేటకీ సంబంధం ఉంది. 2017లో నార్వేలో బెర్గెన్ దగ్గర ఒడ్డెక్కిన బాతుముక్కు తిమింగలం కడుపులో సుమారు ముప్పై ప్లాస్టిక్ సంచులు దొరికాయి. 2019 మార్చిలో ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన దాని కడుపులో నలభై కిలోలు. తెలివితక్కువై తిన్నది కాదు. నీళ్ళలో సంచి మీద శబ్దం పంపి చూస్తే ప్రతిధ్వని స్క్విడ్ నుంచి వచ్చేదానికి దగ్గరగా ఉంటుందని పరిశోధకులు కొలిచి చూపారు. కళ్ళతో కాకుండా చెవులతో చూసే జంతువుకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? మన గెడ్డల్లో వానాకాలం కొట్టుకుపోయే సంచులు ఎక్కడికి చేరతాయో చూడటానికి మనకు కురుసుర లోతు కూడా చాలదు.

మీ అమ్మాయి ఈ జవాబు చదివాక తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తుంది: కిందే అంత బాగుంటే అసలు పైకి రావడం మానేసి మొప్పలు పెంచుకోవచ్చు కదా అని. ఆ ప్రశ్న నన్ను చాలామంది పిల్లలు అడిగారు. దాని పూర్వీకులు నేల మీద నడిచిన జంతువులు. పిల్లను కని పాలిచ్చే ఒళ్ళు, వెచ్చని రక్తం, ఊపిరితిత్తులు వాటి నుంచి వచ్చాయి. నీళ్ళలో కరిగి ఉండే కొద్దిపాటి ప్రాణవాయువుతో వెచ్చని రక్తమున్న రెండు టన్నుల ఒళ్ళు నడవదు, గాలే కావాలి. ఏడాది పాటు కడుపులో మోసి కన్న పిల్లకు ఆ తల్లి మొదట చేయించాల్సిన పని కూడా పైకి తెచ్చి ఒక్క శ్వాస తీయించడమే.

థర్మోకోల్ కప్పు, ఆ స్క్విడ్ ముక్కులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సెలవు రోజున మీ అమ్మాయిని తీసుకురండి. కప్పు మీద రాసిన పేరు చదవడానికి ఒక భూతద్దం తెచ్చుకోమనండి. స్క్విడ్ ముక్కుల అంచు మాత్రం జాగ్రత్త, ఇన్నేళ్ళయినా పదును పోలేదు.